కేసు అన్న మాట

దేవే మిషన్ ఆసుపత్రి వరండాలో బెంచీ చివర కూర్చుని రెండు చేతులతో కణతలు అదుముకుంటోంది. నిండు నెలల మనిషి. గోళ్ల సందుల్లో చింతపండు జిగురు ఎండి నల్లబడి ఉంది. తోంగ్‌పాల్ బజారు వెనక గోదాములో చింతపండు గింజ తీయడానికి భేజ్జి వైపు నుంచి వచ్చిన కూలీల్లో ఆమె, ఆమె భర్త ఉంగ ఉన్నారు. పొద్దున పనిలో కూర్చున్నాక కళ్ల ముందు మిణుగురులు తిరిగాయట. కాయ మీద కొట్టబోయిన కర్ర వేళ్ల మీద పడిందట. అదంతా ఉంగ చెప్పాడు. దేవే తల కూడా ఎత్తలేదు.

నర్సు స్వర్ణ ఆమె చేతికి బీపీ పట్టా చుట్టింది. గాలి కొట్టి, మెల్లగా వదిలి, అంకె చూసి, నమ్మకం కుదరక రెండో చేతికి చుట్టింది. అక్కడా అంతే. కింద కూర్చుని దేవే మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా తడి మట్టిలో నొక్కినట్టు ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"ఈ వాపు ఎప్పట్నుంచి?"

"పొద్దంత కూసోని చేసే పని. కాళ్లు ఉబ్బుతయి గద, మేడం" అన్నాడు ఉంగ.

అతని తెలుగు భద్రాచలం వైపు తెలుగు. స్వర్ణ ఇంట్లో మాట్లాడుకునేది విజయనగరం తెలుగు. ఆమె తండ్రి పైడయ్య కిరందుల్ లైన్లో ట్రాక్‌మన్. బచేలి రైల్వే క్వార్టర్లలోనే ఆమె పుట్టి పెరిగింది. రేపు ఆయన రిటైరవుతున్నాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే బస్సెక్కేందుకు సంచి సర్ది టేబుల్ కింద పెట్టుకుంది. అందులో తండ్రికి కొన్న శాలువా ఉంది.

డాక్టర్ శామ్యూల్ వచ్చి కళ్లజోడు కేసులోంచి తీసి పెట్టుకుని దేవే కంటి రెప్పలు పైకెత్తి చూశాడు. పొట్ట మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె విన్నాడు. స్వర్ణను పక్కకు పిలిచాడు.

"ఇక్కడ ఉంచకూడదమ్మా. మత్తు డాక్టరు లేడు, రక్తం లేదు. ఫిట్స్ వచ్చాయంటే ఇద్దరూ దక్కరు. ఇంజెక్షన్లు ఇచ్చేసి జగదల్‌పూర్ పంపేద్దాం. నువ్వు ఫోన్ చేసి చెప్పు."

ఆసుపత్రిలో సిగ్నల్ వరండా మెట్ల దగ్గరే దొరుకుతుంది. స్వర్ణ అక్కడ నిలబడి, అంబులెన్సు వెనక తలుపు తెరిచి నీళ్ల సీసాల కేసు దింపుతున్న డ్రైవరు సుమన్‌ని కేకేసింది. "సుమన్, సీరియస్ కేసు. జగదల్‌పూర్ తీసుకెళ్లాలి. బండి ఇటు తిప్పు." ఆ తర్వాత ఫోన్లో హిందీలో గట్టిగా చెప్పింది. "హాఁ మేడం, ఏక్ కేస్ భేజ్ రహే హైఁ. ఆజ్ హీ. అభీ. హాఁ, కేస్ కే సాథ్ ఆద్మీ హై." లైను తెగిపోతుంటే, కేసు పంపుతున్నాం, వెంట మనిషి ఉన్నాడు అన్న ఆ మాటే రెండుమూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కింది మెట్టు మీద కూర్చున్న ఉంగ తల తిప్పి ఆమె నోటివైపే చూస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు అప్పుడు పట్టలేదు.

లోపలికెళ్లి మందుల గది తాళం తీసింది. ఆంప్యూల్ మెడలు ఒక్కొక్కటే దూదితో పట్టుకుని విరిచి, మందు సిరంజీల్లోకి లాగి, గాలి బుడగలు గోటితో కొట్టి పైకి పంపింది. ట్రే పట్టుకుని వార్డులోకి వచ్చేసరికి దేవేని పడుకోబెట్టిన మంచం ఖాళీగా ఉంది. దేవే కప్పుకున్న దుప్పటి నాలుగు మడతలు పెట్టి తలగడ మీద ఉంచి ఉంది.

బాత్రూం చూసింది. వరండా చూసింది. గేటు బయట ఎండలో రోడ్డు తప్ప ఏమీ లేదు.

"పోయిండ్రు" అంది మంగి, నేల తుడిచే గుడ్డ బకెట్లో పిండుతూ. మంగి ఆసుపత్రి ఆయా. ఊరు దోర్నాపాల్ అవతల.

"చూసి ఆపలేదా నువ్వు? చచ్చిపోతుంది ఆవిడ!"

"ఏమని ఆపాలె? కేసు అంటివి. జగదల్‌పూర్ అంటివి. గాడీ తెమ్మంటివి."

"అంటే?"

మంగి గుడ్డ వదిలేసి లేచి నిలబడింది. "నీకు కేసంటే బీమారు మనిషి. మా ఊళ్లల్ల కేసంటే ఒకటే. పోలీసు కేసు. కేసు అయినోణ్ణి గాడీల ఏస్కొని జగదల్‌పూర్ జేలుకు తోల్కపోతరు. వాడు మల్ల ఎప్పుడొస్తడో ఎవలికెరుక?"

స్వర్ణ ట్రే కింద పెట్టింది. పొద్దుట్నుంచి ఆ మాట తను ఎన్నిసార్లు అందో గుర్తు తెచ్చుకోబోయి మానేసింది. ఇంట్లో నాన్న కూడా అంటాడు, నవ్వించే వాళ్లనెవరినైనా చూస్తే 'వాడొక కేసే' అని. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పాము కేసు, జ్వరం కేసు, డెలివరీ కేసు.

డాక్టరుతో చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. "వాళ్లుగా వెళ్లిపోతే బలవంతాన ఉంచలేం కదా, స్వర్ణా."

"ఒకసారి బస్టాపు దాకా వెళ్లొస్తాను సార్."

"నీ డ్యూటీ అయిపోయింది. నీ బస్సు..."

"తెలుసు సార్."

సుమన్ బండి స్టార్ట్ చేయబోతుంటే మంగి చెయ్యడ్డం పెట్టింది. "గాడీ వద్దు. గాడీ చూస్తే అడవిల పడి పోతరు. నడిచి పో, అక్కా. ఆ తెల్లకోటు కూడ ఇడిసిపెట్టి పో."

స్వర్ణ కోటు తీసి కుర్చీకి తగిలించింది. మెడలో ఐడీ కార్డు కూడా తీసేసింది. మామూలు పంజాబీ డ్రెస్సులో, తల మీద చున్నీ కప్పుకుని ఎండలోకి నడిచింది.

బస్టాపు రేకుల షెడ్డు కింద వాళ్లిద్దరే ఉన్నారు. దేవే మూట మీద తల పెట్టి నేల మీద పడుకుని ఉంది. మొహానికి కొంగు కప్పుకుంది. ఉంగ నిలబడి సుక్మా బస్సు రావలసిన వైపు చూస్తున్నాడు. స్వర్ణను చూడగానే వచ్చి దేవేకీ ఆమెకూ మధ్య నిలబడ్డాడు.

"మేం ఇంటికి పోతున్నం, మేడం. దవాఖాన వద్దు."

"మీ ఊరు చేరేలోపు ఫిట్స్ వస్తాయి. బిడ్డ బతకదు. ఆవిడా బతకదు."

"ఏం కాదు. ఊళ్లె మందిచ్చేటోళ్లున్నరు."

"నేను ఫోన్లో కేసు అన్నాను. అందుకేనా?"

అతను బస్సు వచ్చే వైపు చూశాడు.

"ఆసుపత్రిలో జబ్బు మనిషిని అలా అంటాం. అలవాటైపోయింది. పోలీసులు లేరు, జైలు లేదు. ఈమె పేరు దేవే. దేవేకి రక్తపోటు బాగా ఎక్కువైంది. నేను చెప్పాల్సింది అంతే. చెప్పలేదు. తప్పు నాదే."

"మా అన్నకు గూడ పేరుండె, లచ్చు" అన్నాడు ఉంగ. గొంతు పెంచలేదు. "తోల్కపోయిన కాణ్ణుంచి ఆడ ఎవ్వరు లచ్చు అనలే. కేసు అన్నరు. ఏ కేసు, ఎవల కేసు, కేసును గాడీల ఎక్కియ్యి. రెండు మాటలడిగి పంపిస్తమన్నరు. ఏండ్లు పోయినయి. ఆఖరుకు జడ్జి ఏం లేదని ఇడిసిపెట్టిండు. ఇంటికొచ్చే వరకు మా అవ్వ లేదు."

స్వర్ణకు తెలిసిన ఓదార్పు మాటలన్నీ ఆసుపత్రిలో రోజూ వాడేవే.

దూరంగా హారన్ వినిపించింది. కోంటా బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. కండక్టరు తలుపు మీద చరుస్తూ "సుక్మా, దోర్నాపాల్, కోంటా!" అని అరిచాడు. ఉంగ వంగి దేవే భుజాల కింద చేతులు పెట్టాడు.

"నేను మీతో వస్తాను" అంది స్వర్ణ.

"ఏడికి? భేజ్జికా?"

"జగదల్‌పూర్‌కి. మీ పక్కనే కూర్చుంటాను. మీరిద్దరూ ఆ ఆసుపత్రి నుంచి బయటికొచ్చేదాకా అక్కడే ఉంటాను."

"దింపి ఎన్కకొస్తవు."

"రాను."

"నీకేం పని లేదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఉంది. రేపు మా నాన్నకి ఉద్యోగం అయిపోతోంది. దండలేసి ఇంటికి పంపిస్తారు. నేను లేకుండా అది జరగడం ఆయనకిష్టం ఉండదు. నాకూ ఉండదు."

ఉంగ ఆమెను పరీక్షగా చూశాడు. కండక్టరు మళ్లీ తలుపు చరిచాడు. అప్పుడు నేల మీంచి దేవే మాట్లాడింది. ఆ రోజు ఆమె గొంతు స్వర్ణ వినడం అదే మొదటిసారి.

"నాకు బస్సు కనవడ్తలేదు" అంది మొగుడితో. "చప్పుడే ఇనవడ్తున్నది. నేను ఎక్కలేను. ఆమెతోని పోదం."

బస్సు వెళ్లిపోయింది. స్వర్ణ సుమన్‌కి ఫోన్ చేసింది. ఇంజెక్షన్ల ట్రే, టేబుల్ కింద సంచి తెమ్మని, లైటు వెయ్యొద్దని, సైరన్ కొట్టొద్దని చెప్పింది.

*

బండిలో ఇంజెక్షన్లు చేసి దేవేని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. కళ్లలో వెలుతురు పడితే మూర్ఛ రావచ్చని తన చున్నీ కిటికీ ఊచలకు కట్టింది. దర్భ ఘాట్ కొండదారి ఎక్కేటప్పుడు సుమన్ ప్రతి మలుపులోనూ బండిని దాదాపు ఆపి తిప్పాడు. ఉంగ కాళ్ల దగ్గర కూర్చుని దేవే పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు. అడవిలో అక్కడక్కడ ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకోవడానికి నేల తుడిచి నల్లగా కాల్చి ఉంది. కిటికీలోంచి తియ్యటి పులిసిన వాసన వచ్చి పోతోంది.

దేవే చెయ్యి తడుముకుంటూ వచ్చి స్వర్ణ మణికట్టు పట్టుకుంది.

"అక్కా. బిడ్డ ఆడ పుడితే ఆడనే ఉంచుకుంటరా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ స్వర్ణను అడగని ప్రశ్న అది.

"ఎవరూ ఉంచుకోరు. నీ బిడ్డ నీతోనే వస్తుంది."

"నువ్వుంటవా?"

"ఉంటాను."

దేవే ఆ చెయ్యి వదల్లేదు. బీపీ చూడాల్సి వచ్చినప్పుడు స్వర్ణ రెండో చేత్తోనే పట్టా చుట్టుకుంది.

పెద్దాసుపత్రి ముందు స్ట్రెచర్ దింపేసరికి పొద్దు వాలుతోంది. ప్రసూతి వార్డు తలుపు దగ్గర ఖాకీ బట్టల కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. ఒక కేసుకి ఒక్క మనిషే అన్నాడు హిందీలో. స్వర్ణ చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడ కార్డు లేదు. నర్సునని చెప్పింది. అతను ఆమె దుమ్ము కొట్టుకున్న చెప్పులవైపు చూసి, అందరూ అలాగే చెబుతారు దీదీ, ఒక్కరే వెళ్లండి అన్నాడు. వెనక ఇంకో స్ట్రెచర్, దాని వెనక జనం. అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు. తన ఆసుపత్రిలో తను కూడా అదే చెబుతుంది, దాదాపు అదే గొంతుతో.

ఆమె ఉంగవైపు తిరిగింది. అతను ఖాకీ బట్టలను చూస్తున్నాడు.

"నువ్వే పో" అన్నాడు. "నీకైతే వాళ్ల మాట సమజైతది. నేనీడ ఉంటా."

రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. మధ్యాహ్నం స్వర్ణకూ దేవేకీ మధ్య అడ్డంగా నిలబడ్డ మనిషి ఇప్పుడు భార్యను ఆమె చేతుల్లో పెట్టి దారి వదిలాడు. స్వర్ణ స్ట్రెచర్ లోపలికి నెట్టింది.

లోపల నర్సు పేరూ ఊరూ రాసుకుంటూ, "ఈ కేసుకి మీరేమవుతారు?" అనడిగింది.

"అక్కని" అంది స్వర్ణ.

ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానికి భర్త సంతకం కావాలి. ఉంగను లోపలికి పిలిపించారు. కాగితం, ఇంకు డబ్బా ముందుకు జరిపేసరికి అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏముంది దాంట్ల?"

ఊరికే ఒప్పుకున్నట్టు అని చెప్పబోయి స్వర్ణ ఆగిపోయింది. అలాంటి కాగితాల మీద ఆమె ఎందరి చేతో వేలిముద్రలు వేయించింది. ఒక్కటీ మొదట్నుంచి చివరిదాకా చదవలేదు. పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు వైపు చూసింది. ఆ అమ్మాయి గడియారం చూసుకుని, "చదవండి, కానీ త్వరగా" అంది.

స్వర్ణ హిందీలో ఉన్న ఒక్కో వాక్యం వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పింది. మత్తు ఇస్తారు. పొట్ట కోసి బిడ్డను తీస్తారు. రక్తం పోవచ్చు, ఎక్కించాల్సి రావచ్చు. ప్రాణానికి ప్రమాదం రావచ్చు. ఆ మాట దగ్గర గొంతు తగ్గింది. అయినా దాటెయ్యకుండా చెప్పింది.

"ఇంకేం లేదా?"

"లేదు. ఇంతే ఉంది."

"కేసు అని ఉన్నదా ఏడన్న?"

ఆమె మళ్లీ పైనుంచి కిందికి చూసింది. "లేదు. దేవే అని ఉంది. ఇదిగో, ఇక్కడ. ఇక్కడ నీ పేరు."

ఉంగ వేలిముద్ర వెయ్యలేదు. పెన్ను అడిగి తీసుకుని, నాలుక పళ్ల మధ్య పట్టుకుని, హిందీ అక్షరాల్లో తన పేరు మెల్లగా గీశాడు.

ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాక స్వర్ణ తండ్రికి ఫోన్ చేసింది. ఎలా మొదలెట్టాలో తెలియక ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. అటు క్వార్టర్ల పక్కనుంచి గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"అయితే రేపు రావన్నమాట."

"రాలేను నాన్నా."

"ఒలమ్మా, ఏడుస్తున్నావేటి? దండేస్తారు, శాలువా కప్పుతారు, లడ్డూ పెడతారు. నువ్వొచ్చినా అదే లడ్డూ. లైన్ మీద మనిషి కనబడితే ఎర్రజెండా ఊపుతామా, ఇంటికాడ పనుందని ఎల్లిపోతామా? అన్నం తిన్నావా లేదా, అది సెప్పు ముందు."



*

ఎవరో పిలిచినట్టయి కళ్లు తెరిచేసరికి తెల్లగా వెలుతురొచ్చింది. కారిడార్ నేల మీద గోడకు ఆనుకునే నిద్రపోయింది. ఎదురుగా నర్సు నిలబడి ఉంది. ఆడపిల్ల అని చెప్పింది. బరువు తక్కువ, కొన్నాళ్లు పిల్లల గదిలో ఉంచుతాం. తల్లికి బీపీ దిగుతోంది. చూపు వచ్చింది, ఇందాక గోడ మీద గడియారం చూసి ఇదేంటని అడిగింది.

స్వర్ణ పరుగులాంటి నడకతో బయటికొచ్చింది. ఉంగ రాత్రి నిలబడ్డ గోడ దగ్గర లేడు. వెళ్లిపోయాడా అనుకుంది క్షణంపాటు. అంతలో గేటు అవతల నుంచి వస్తూ కనిపించాడు. ఒక చేతిలో టీ గ్లాసులు, రెండో చేతిలో న్యూస్ పేపరు ముక్కలో కట్టిన అటుకుల పోహా.

"ఆడపిల్ల" అంది. "ఇద్దరూ బాగున్నారు."

ఉంగ గ్లాసులు జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. పొట్లం పెట్టాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కదులుతోంది. ఆమె వేరేవైపు చూస్తూ కాసేపు ఆగింది.

తిరిగేసరికి అతను మొహం తుడుచుకుని ఉన్నాడు. "తిను. నిన్నటి సంది ఏం తినలే నువ్వు" అన్నాడు. ఆ తర్వాత ఆమెను వెంటబెట్టుకుని ఆవరణంతా తిప్పాడు. ఈ పంపు నీళ్లు వాసనొస్తాయి, ఎక్స్‌రే గది వెనక పంపు నీళ్లు మంచివి. ఆడోళ్ల బాత్రూం అటు పక్కది శుభ్రంగా ఉంటుంది, తాళంచెవి ఆయాను అడగాలి. ఆ మూల వరండాలో మధ్యాహ్నం ఎండ పడదు, ఒక చాప అక్కడ వేసుకోవచ్చు. చాప అప్పటికే వేసి ఉంది. ఎక్కడో అడిగి తెచ్చాడు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"మా అన్నను చూడనీకి వచ్చేటోణ్ణి గద. జేలుకాడ పండనియ్యరు. ఈడనైతే ఎవ్వరడగరు. ఎవలన్న అడిగితే మా మనిషి లోపటున్నడు అనేటోణ్ణి." కొంచెం ఆగి, "అబద్ధం కాదు గద" అన్నాడు.

స్వర్ణ టీ తాగింది. చక్కెర ఎక్కువ, గోరువెచ్చగా అయిపోయింది. ఇన్నేళ్లలో ఎందరినో ఇలాంటి ఆసుపత్రులకు పంపింది. పంపిన బండి తిరిగొస్తే పనయిపోయిందనుకుంది. గేటు అవతల ఆ మనుషులు ఏ పంపు దగ్గర నీళ్లు తాగుతారో ఎన్నడూ ఆలోచించలేదు. ఈ పొద్దున ఒక మనిషి ఆమెకు మంచి నీళ్ల దారి చూపించి, నీడ చూసి చాప వేశాడు. పోహా మీద చల్లిన సన్న కారప్పూస మెత్తబడినా ఒక్క పలుకు వదలకుండా తినేసింది.

మధ్యాహ్నం డాక్టర్ శామ్యూల్ ఫోన్ చేశాడు. "కేసు ఎలా ఉందమ్మా?"

"దేవే బాగుంది సార్. చూపు వచ్చింది. ఆడపిల్ల."

"దేవుడికి స్తోత్రం" అన్నాడాయన. ఆ వెంటనే, "నువ్వు అక్కడే ఉండు. ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాడు.

అదే సమయానికి బచేలిలో తండ్రి మెడలో దండ పడుతుంటుంది. స్వర్ణ చాప మీద కూర్చుని, సంచిలో ఉన్న శాలువా బయటికి తీసి, మళ్లీ సరిగ్గా మడతపెట్టి లోపల పెట్టింది.

*

ఉంగ భేజ్జిలో ఎవరి దుకాణానికో ఫోన్ చేసి అన్నకు కబురు పెట్టించాడు. వస్తాడని మాత్రం అనుకోలేదు. "వదిలిపెట్టినంక కోంటా దాటలే. సంతకు గూడ పోడు. ఖాకీ బట్ట చూస్తే ఇంట్ల దూరుతడు" అన్నాడు.

మర్నాడు పొద్దున పిల్లల గదిలోంచి బిడ్డను తెచ్చి దేవే పక్కలో పెట్టారు. పాలు పట్టడం నేర్పుతున్నారు. నర్సు చెబుతున్నది దేవేకి అర్థం కాకపోతే స్వర్ణ ఆమె చెయ్యి తీసుకుని బిడ్డ తల కింద ఎలా ఆనించాలో చూపించింది. బిడ్డ నోరు అటూ ఇటూ వెతుక్కుని ఒక్కసారిగా పట్టుకుంది. దేవే "అమ్మో" అని నవ్వింది. ఆమె నవ్వడం స్వర్ణ అప్పుడే చూసింది. పై పన్ను ఒకటి కొంచెం వంకర.

స్వర్ణ కిందికి దిగేసరికి ఉంగ వార్డు తలుపు దగ్గర కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అతను చూస్తున్న వైపే చూసింది. ఆవరణ మధ్యలో సన్నటి మనిషి, తెల్లచొక్కా, భుజాన ఎర్ర తువ్వాలు, చేతిలో ఆకుతో మూతికట్టిన సొరకాయ బుర్ర. ఒక అడుగు వేస్తున్నాడు, ఆగుతున్నాడు, కాపలావాడిని చూస్తున్నాడు. ఇంకో అడుగు వేస్తున్నాడు. లచ్చు.

తమ్ముడు ఎదురెళ్లబోయాడు. లచ్చు చెయ్యి కొంచెం ఎత్తి వద్దన్నట్టు కదిపాడు. తనంతట తను తలుపు దాకా వచ్చాడు.

కాపలావాడు కర్ర అడ్డం పెట్టి అందరినీ అడిగే మాటే అడిగాడు, ఏ కేసని. "కౌన్ సా కేస్ హై?"

స్వర్ణ తను చెబుదామని నోరు తెరిచింది. అంతలో లచ్చు తువ్వాలుతో పెదాలు తుడుచుకుని, శుభ్రమైన హిందీలో, ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పాడు.

"బచ్చీ కా కేస్ హై, సాబ్. మేరే భాయీ కో బేటీ హుయీ హై." పాప కేసు అన్నాడు, తమ్ముడి కూతురు.

"అచ్ఛా! మిఠాయి ఏదీ మరి?" అన్నాడు కాపలావాడు హిందీలోనే. నవ్వి కర్ర పైకెత్తాడు. "ఒకళ్లు బయటికొచ్చాకే ఒకళ్లు. చూసి తొందరగా రా."

లచ్చు లోపలికి నడిచాడు. మెట్ల దగ్గరికొచ్చాక గోడ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, ఊపిరి సర్దుకునేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పులు విడిచి మెట్లెక్కాడు. ఉంగ ఆ చెప్పుల జత తీసి ఎవరూ తొక్కకుండా గోడ వారగా పెట్టాడు.

లచ్చు చాలాసేపు దిగిరాలేదు. వచ్చాక సొరకాయ బుర్ర మూత విప్పి జావ ఆకుదొన్నెలో పోసి ముందు స్వర్ణకిచ్చాడు. జొన్నజావ, పుల్లగా, చల్లగా ఉంది. ఆమె తాగుతుంటే ఎదురుగా కింద కూర్చున్నాడు.

"మా మరదలు అంతా చెప్పింది" అన్నాడు. "మీ నాయన పేరేంది?" అనడిగాడు.

"పైడయ్య."

"ఏం పని?"

"రైలు పట్టాల పని. నిన్నటిదాకా. ఇప్పుడు ఇంటికాడే."

"మంచిది" అన్నాడు లచ్చు. ఆ పేరు ఒకసారి తనలో తను అనుకున్నాడు. "ఇప్పుడు మేమొచ్చినం. ముగ్గురం ఉన్నం. నువ్వు మీ నాయన కాడికి పో, చెల్లె."

"మీరు బయటికొచ్చేదాకా ఉంటానన్నాను."

"అన్నవట. ఉన్నవ్ గూడ." అతను దొన్నె అందుకుని ఇంకొంచెం పోశాడు. "ఇంక నేనుంట."

స్వర్ణ పైకెళ్లి దేవేకి చెప్పింది. దేవే ఆమె మణికట్టు పట్టుకుంది, బండిలో పట్టుకున్నట్టు కాదు, తేలిగ్గా. బిడ్డ నిద్రపోతోంది. ఏదో కలలో పెదవి విరుస్తోంది. స్వర్ణ వంగి ఆ చిట్టి అరికాలు మీద వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

బస్టాండుకి లచ్చు తోడొచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆమె సంచి తనే మోశాడు. జనంలో నడుస్తూ, గోడల వారగా కాకుండా రోడ్డు మధ్యకు రావడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. ఒక కూడలి దగ్గర కుడివైపు జైలుకు వెళ్లే రోడ్డు కేసి గడ్డంతో చూపించాడు. ఇద్దరూ తిన్నగా నడిచారు.

దంతెవాడ మీదుగా బచేలి వెళ్లే బస్సు రాగానే జనం తలుపు మీద పడ్డారు. స్వర్ణ ఒక పక్కకు తప్పుకుంది. నిలబడే వెళ్లాలనుకుంది. లచ్చు సంచి ఆమె చేతిలో పెట్టి, బస్సు పక్కగా పరుగెత్తి, టైరు మీద ఒక కాలు పెట్టి ఎగిరి, తెరిచిన కిటికీలోంచి తన ఎర్ర తువ్వాలు లోపలి సీటు మీదికి విసిరాడు. ఇంకో చెయ్యి అదే సీటు మీద మూట పెట్టబోయింది. "మా చెల్లెది! మా చెల్లె సీటు!" అని బస్సంతా వినిపించేలా అరిచాడు తెలుగులో. ఆ భాష ఎవరికి తెలిసిందో లేదో గానీ ఆ మూట వెనక్కి పోయింది.

స్వర్ణ తోసుకుంటూ వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. తువ్వాలు తీసి బయటికి చాచింది. బస్సు అప్పటికే కదిలింది. లచ్చు అందుకోవడానికి రాలేదు. ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపాడు.

"పోయిరా" అన్నాడు.

ఆ తువ్వాలులో ఇప్పపువ్వు వాసన, పొయ్యి పొగ వాసన ఉన్నాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. లచ్చు జనంలోంచి ఆసుపత్రి వైపు వెళ్తున్నాడు. రోడ్డు మధ్యలోనే నడుస్తున్నాడు.